కథానాయకుడు కాని నటుడు: ఎస్. వి. రంగారావు

చలనచిత్రపు గోడపత్రికపై పెద్ద అక్షరములతో కనిపించునవి నాయికా నాయకుల పేర్లు. వాని క్రింద, చిన్న అక్షరములలో, మరికొన్ని పేర్లుండును. తండ్రి, మామ, జమీందారు, మాంత్రికుడు, రాక్షసరాజు, వీధిరౌడీ, ఇవి ఆ చిన్న అక్షరములవారి పాత్రలు. వీరు లేనిచో నాయకునకు ఎదిరించుటకు శత్రువుండడు. నాయికకు అడ్డు చెప్పుటకు తండ్రి యుండడు. కథ నడవనే నడవదు. ఇట్టి పాత్రలను ధరించువానిని చిత్రపరిశ్రమవారు క్యారెక్టరు నటుడందురు. అట్టి నటుని జీవితము ఎట్లు నడచును, దానిలోని కష్టమేమి, ఘనత యేమి యన్న విషయమును, తెలుగువారందరు ఎరిగిన ఒక ఉదాహరణముతో ఈ ప్రసంగమున ముచ్చటింప దలచితిమి. ఆ ఉదాహరణము శ్రీ సామర్ల వెంకట రంగారావుగారు.

రంగారావుగారిని తలచుకొనగానే మన కన్నుల యెదుట నిలుచునది ఒక పెద్దమనిషి. నిండైన విగ్రహము, నెరసిన జుట్టు, గంభీరమైన కంఠము, ఇంటిల్లిపాదియు భయపడుచునే ప్రేమించు ఒక యజమాని. కాని తేదీలను లెక్క చూచినచో మనకు ఆశ్చర్యము కలుగును. ఆయన 1918 జూలై 3వ తేదీన జన్మించి, 1974 జూలై 18వ తేదీన కన్నుమూసిరి. అనగా 56 సంవత్సరములు నిండిన 15 దినములకే. మనకు తండ్రిగా, తాతగా తెలిసిన ఆ మనిషి షష్టిపూర్తి చూడలేదు. 1955లో ‘మిస్సమ్మ’ చిత్రమున సావిత్రిగారికి తండ్రి అయినప్పుడు ఆయన వయస్సు 36. 1962లో ‘గుండమ్మ కథ’లో ఎన్. టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావుగార్లకు తండ్రి అయినప్పుడు 43. నిజమునకు ఆయన రామారావుగారికంటె అయిదేండ్లు, నాగేశ్వరరావుగారికంటె ఆరేండ్లు మాత్రమే పెద్ద. తనకు లేని వయస్సును, తాను అనుభవింపని వార్ధక్యమును, ఆయన తెరపై మనకు నమ్మకముగా చూపిరి. తాను దానిని చేరకుండనే వెడలిపోయిరి. క్యారెక్టరు నటుని వృత్తి యొక్క సారమంతయు ఈ లెక్కలోనే యున్నదని మా అభిప్రాయము.

ఆయన పుట్టినది కృష్ణాజిల్లా నూజివీడు. తండ్రి కోటేశ్వరరావుగారు ఆబ్కారీ శాఖలో ఉద్యోగి. బాల్యమున కొంతకాలము మద్రాసులో పెరిగి చదువుకొనిరి. ఆపైన విశాఖపట్నములోను, కాకినాడలోను కళాశాల విద్య సాగించి, విజ్ఞానశాస్త్రమున పట్టము పొందిరి. కాని ఆయనకు కాకినాడ ఇచ్చిన ముఖ్యమైన విద్య కళాశాలలో లభించినది కాదు. ఆ పట్టణమున యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను నాటకసంస్థ యుండెడిది. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి మొదలగువారు ఆ సంస్థ వేదికపై మెలగినవారే. రంగారావుగారును అచ్చటనే ముఖమునకు రంగు పూసికొనిరి. షేక్‌స్పియరు నాటకములలోని ఘట్టములను ఆంగ్లముననే ప్రదర్శించి ఆయన పేరు తెచ్చుకొనిరి.

ఈ షేక్‌స్పియరు అభ్యాసము చిన్న విషయము కాదు. ఆనాటి తెలుగు రంగస్థలమున నటుని విలువను పద్యముతో కొలిచెడివారు. రాగము సాగదీసి, ‘వన్సుమోరు’ పిలుపు రాబట్టినవాడే నటుడు. భావమునకు గాక గానమునకే పెద్దపీట వేయుట తగదని బళ్ళారి రాఘవగారివంటి మహానటులు ఎంత చెప్పినను, ఆ యలవాటు తొందరగా పోలేదు. షేక్‌స్పియరు ఘట్టములను పలుకు నటునకు పద్యముయొక్క ఆసరా లేదు. అతడు మాటనే నమ్ముకొనవలెను. ఎచ్చట ఊపిరి ఆపవలెను, ఏ మాటపై బరువు మోపవలెను, ఏ మాటను తేలికగా విడిచిపెట్టవలెను అనునది అతడు నేర్వక తప్పదు. అదే కాలమున చలనచిత్రములలో నేపథ్యగానము స్థిరపడుచుండెను. నటుడు పాడవలసిన పని తప్పెను. పాటకు ఒకరు, మాటకు ఒకరు అను ఏర్పాటు వచ్చినందువలన, గాయకుడు కాని నటునకు చిత్రసీమ తలుపు తెరచుకొనెను. రంగారావుగారివంటివారు పైకి వచ్చుటకు ఈ సాంకేతికమైన మార్పు గొప్ప కారణమని మరువరాదు.

చదువు ముగిసిన పిమ్మట ఆయన అగ్నిమాపక శాఖలో అధికారిగా చేరి బందరు, విజయనగరము పట్టణములలో పనిచేసిరి. ఉద్యోగము గౌరవమైనదే, కాని నాటకమునకు తీరిక చిక్కదు. అంతలో బి. వి. రామానందంగారు తమ ‘వరూధిని’ చిత్రమున ప్రవరాఖ్యుని పాత్రకు ఆయనను పిలిచిరి. అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లోని ప్రవరుడు! అందగాడు, నిష్ఠాపరుడు, కథకు నాయకుడు. రంగారావుగారు ఉద్యోగమును విడిచి మద్రాసు చేరిరి. 1946–47 నాటి ఆ చిత్రము ప్రజాదరణ పొందలేదు. నాయకునిగా ప్రవేశించిన నటునకు ఆ తరువాత పిలుపులు రాలేదు.

ఇచ్చట ఒక క్షణము ఆగి చూడవలెను. 1947 డిసెంబరులో ఆయనకు వివాహమయ్యెను. విడిచివచ్చిన ఉద్యోగము తిరిగి రాదు. నమ్మివచ్చిన కళ అన్నము పెట్టదు. ఆయన జంషెడ్‌పూరు వెళ్ళి టాటా కర్మాగారమున లెక్కల విభాగములో ఉద్యోగమునకు కుదురుకొనిరి. ఆ ఉద్యోగముననే నిలిచిపోయినచో ఎవరును తప్పుపట్టియుండరు. అట్లు నిలిచిపోయిన నటులు ఎందరో కలరు. వారి పేర్లు మనకు తెలియవు, అంతే.

తరువాత బి. ఎ. సుబ్బారావుగారి ‘పల్లెటూరి పిల్ల’ చిత్రమున ప్రతినాయకపాత్రకు ఆయనకు పిలుపు వచ్చెను. కాని అదే సమయమున తండ్రి మరణించుటచే ప్రయాణము ఆలస్యమై, ఆ పాత్ర మరియొకరికి దక్కెను. మిగిలిన చిన్నపాత్రనే ఆయన స్వీకరించిరి. ఒకప్పుడు ప్రవరుడుగా నటించినవాడు ఇప్పుడు తనకు మిగిలినదానితో సరిపెట్టుకొనెను. పరాజయమువలె కనిపించు ఈ అంగీకారముననే ఆయన భవిష్యత్తు దాగియున్నది. నాయకుని స్థానమును ఆశించుట మాని, కథలో ఎచ్చట చోటున్న అచ్చట నిలుచుటకు ఆయన సిద్ధపడిరి. నాయకునకు ఒక వయస్సు, ఒక రూపము, ఒక స్వభావము మాత్రమే యుండును. తక్కిన లోకమంతయు క్యారెక్టరు నటునిది.

1950లోనే విజయా సంస్థవారి తొలి చిత్రమైన ‘షావుకారు’ వెలువడెను. దర్శకుడు ఎల్. వి. ప్రసాద్. అందు రంగారావుగారు సున్నపు రంగడు అను వీధిరౌడీ. మరుసటి సంవత్సరము, 1951లో, కె. వి. రెడ్డిగారి ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు. ఈ రెండు పాత్రలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఆయన పద్ధతి తెలియును. రంగడు మన వీధిచివర తిరుగువాడు. మోటు మాట, మోటు నడక. మాంత్రికుడు ఏ వీధిలోను ఉండువాడు కాడు. అతని మాట కూడ లోకములోని మాట కాదు. పింగళి నాగేంద్రరావుగారు ఆ పాత్రకు వ్రాసిన వింతపలుకులను రంగారావుగారు ఒక విచిత్రమైన ఏలపాటవలె, ముద్దుచేయుచున్నట్లు, లోలోపల కత్తి నూరుచున్నట్లు పలికిరి. ఆ పలుకులు పిల్లలనోట ఆటపాటలయినవి. షైలాకువంటి పాత్రలను పలికిన అనుభవము ఇచ్చట పనికి వచ్చినదేమో యని మాకు తోచును. ఆ మాంత్రికుడు మూర్ఖుడు కాడు. తన కార్యమునందు శ్రద్ధ గలవాడు, శ్రమించువాడు, శిష్యునకు బోధించువాడు. అతని దోషమెల్ల ఇతరుల ప్రాణము తన సిద్ధికి మెట్టు అనుకొనుటయే. ఆ శ్రద్ధను నటుడు నిజముగా చూపుటవలననే ఆ దుర్మార్గము మనకు భయము గొలుపుచున్నది. అప్పటికి ఆయన వయస్సు 32.

ఆనాటి చిత్రములలో దుష్టపాత్రధారి తెరపైకి వచ్చిన క్షణముననే మీసము మెలివేసి, కన్నులెఱ్ఱజేసి, తాను దుష్టుడనని ప్రకటించుట వాడుక. రంగారావుగారు ఆ పద్ధతిని తలక్రిందులు చేసిరి. దుష్టుడు తన దృష్టిలో తాను దుష్టుడు కాడు. అతనికి ఒక కోరిక కలదు. ఆ కోరికకు ఒక న్యాయము కలదు. దానిని ముందు చూపి, పిమ్మట దానివలన కలుగు కీడును చూపుట ఆయన మార్గము. అట్లే, మంచి తండ్రిని కేవలము మంచితనపు ముద్దగా ఆయన ఎన్నడును చూపలేదు. ఆ తండ్రికి కోపమున్నది, పట్టుదలయున్నది, అప్పుడప్పుడు మూర్ఖత్వము కూడ ఉన్నది. రాక్షసునిలో మనిషిని, పెద్దమనిషిలో పొరపాటును వెదకుటయే ఆయన పని.

ఈ రెండును ఒకే పాత్రలో కలిసిన చిత్రము 1955లో వచ్చిన ‘బంగారుపాప’. దర్శకుడు బి. ఎన్. రెడ్డి. జార్జి ఇలియట్ అను ఆంగ్ల రచయిత్రి ‘సైలాస్ మార్నర్’ నవల దానికి ఆధారము. మాటలు పాలగుమ్మి పద్మరాజుగారివి. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. లోకముచే మోసపోయి, పగతో గుండె రాయి చేసికొన్న కోటయ్య అను మొరటువాని చేతికి ఒక పసిపాప చిక్కును. ఆ పాప వానిని మనిషిగా మార్చును. ఈ మార్పు ఒక్క రాత్రిలో జరిగినట్లు చూపుట సులభము. రంగారావుగారు దానిని కొద్దికొద్దిగా జరుగనిచ్చిరి. మొరటు చేతులు పాపను ఎత్తుకొనుటకు నేర్చుకొనుచున్నట్లు, కరకు కంఠము మెత్తబడుటకు సిగ్గుపడుచున్నట్లు మనకు కనిపించును. ఆ సంవత్సరపు తెలుగు చిత్రములలో ఉత్తమమైనదిగా ఆ చిత్రమునకు రాష్ట్రపతి రజతపతకము లభించెను. నాయకుని ప్రణయముపై గాక ఒక నడివయస్కుని హృదయముపై చిత్రమంతయు నిలుపవచ్చునని ‘బంగారుపాప’ రుజువు చేసెను. ఒక క్యారెక్టరు నటుడు కథకు కేంద్రమగుట తెలుగు చిత్రచరిత్రలో చిన్న సంగతి కాదు.

అటుపిమ్మట సాంఘికములలో జమీందారుగా, పౌరాణికములలో రాజుగా, రాక్షసుడుగా ఆయన లేని పెద్ద చిత్రము అరుదయ్యెను. 1955లో ‘అనార్కలి’లో అక్బరు, 1956లో ‘హరిశ్చంద్ర’లో సత్యవ్రతుడైన రాజు, 1957లో ‘సతీ సావిత్రి’లో యమధర్మరాజు, 1964లో ‘బొబ్బిలి యుద్ధం’లో తాండ్ర పాపారాయుడు, 1965లో ‘పాండవ వనవాసము’లో దుర్యోధనుడు. అక్బరు పాత్ర చక్రవర్తికిని తండ్రికిని మధ్య నలిగిపోవునది. హరిశ్చంద్రుడు సర్వమును కోల్పోయినవాడు. దుర్యోధనుడు ఏదియు వదలుకొననివాడు. ఒకే శరీరము, ఒకే కంఠము. అయినను ఒకరిని చూచుచు మరియొకరిని జ్ఞప్తికి తెచ్చుకొనుట కష్టము.

1957 మార్చిలో విడుదలయిన ‘మాయాబజార్’ను గూర్చి వేరుగా చెప్పవలెను. శశిరేఖా పరిణయపు కథ వ్యాసభారతమున లేదు. జానపదుల నోటను, తోలుబొమ్మలాటలోను, నాటకములలోను పెరిగినది. దానిలో ఘటోత్కచుడు నాయకుడు కాడు. నాయకుడు అభిమన్యుడు, సూత్రధారి శ్రీకృష్ణుడు. ఘటోత్కచుడు కథ కొంత నడచిన పిమ్మట గాని తెరపైకి రాడు. అయినను ఆ చిత్రమును తలచుకొన్నవారెవరును అతనిని తలచుకొనక మానరు. అతడు మహాబలుడు, కాని తల్లి హిడింబ మాటకు జంకువాడు. పెద్దలయందు వినయము గలవాడు. కాని తన మీసమును, గదను చూచి తానే మురిసిపోవువాడు. వివాహభోజనపు సన్నివేశమున పాట పాడినది మాధవపెద్ది సత్యంగారు. పెదవి కదల్చుట వలన మాత్రమే గాక, ఆకలిగొన్న పసివాని సంబరమును ముఖమున నింపుట వలన, ఆ పాట రంగారావుగారి సొంత కంఠమే యని ఎందరో భ్రమపడిరి.

ఆ చిత్రములోనే ఆయన నటనకు గొప్ప సాక్ష్యము కలదు. అది ఆయన తెరపై లేని సన్నివేశములలో నుండుట విశేషము. ఘటోత్కచుడు మాయాశశిరేఖ రూపమున ద్వారకలో ప్రవేశించును. అప్పుడు తెరపై నున్నది సావిత్రిగారు. ఆమె చీర కట్టి, పూలు ముడిచి, కన్నెపిల్లవలె నుండియు, అప్పుడప్పుడు ఛాతి విరిచి, భుజమెగురవేసి, మీసము దువ్వబోయి ఆగును. ప్రేక్షకుడు తత్‌క్షణము ‘ఇతడు ఘటోత్కచుడే’ యని నవ్వును. సావిత్రిగారి ప్రతిభ అమోఘము. అందు సందేహము లేదు. కాని అనుకరించుటకు మూలము ఉండవలెను గదా! రంగారావుగారు ఆ పాత్రకు ఒక నడకను, ఒక చూపును, ఒక మెడతిప్పుటను అంత స్పష్టముగా కల్పించియుండిరి గనుకనే, ఒక కోమలాంగి శరీరమున అవి కనిపించినను మనము గుర్తుపట్టగలిగితిమి. పాత్రసృష్టి అనగా ఇదియే. నటుడు లేనిచోట కూడ పాత్ర బ్రతికి యుండవలెను.

1963లో వచ్చిన ‘నర్తనశాల’కు దర్శకుడు కమలాకర కామేశ్వరరావుగారు, రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారు. బృహన్నలగా రామారావుగారు, సైరంధ్రిగా సావిత్రిగారు, కీచకుడుగా రంగారావుగారు. కీచకుని కేవలము కాముకునిగా చూపుట అలవాటయిన పద్ధతి. కాని విరాటరాజ్యము నిలిచియున్నది ఆ సేనాపతి బాహుబలముపైననే. రంగారావుగారి కీచకుడు ముందు వీరుడు. తన బలముచే తనకు దక్కనిది లేదని నమ్మినవాడు. ఆ నమ్మకమే అతని కామమునకు పట్టుగొమ్మ. భీముని పాత్రను ధరించినది బరువులెత్తుటలో పేరుపొందిన దండమూడి రాజగోపాలరావుగారు. నిజమైన మల్లునివంటి మనిషి ఎదుట నిలిచినప్పుడు, కీచకుడు అతనికి తగిన ఉజ్జీగా కనబడకున్నచో కథ తేలిపోయెడిది. అట్లు కానీయలేదు. 1964లో జకార్తా నగరమున జరిగిన ఆఫ్రో–ఆసియా చలనచిత్రోత్సవమున ఆ పాత్రకు గాను రంగారావుగారికి ఉత్తమ నటుని బహుమతి లభించెను. అదే ఉత్సవమున ఆ చిత్రపు కళాదర్శకులైన టి. వి. ఎస్. శర్మగారికిని బహుమానము వచ్చెను. మన భాష తెలియని దేశములవారు, మన భారతకథలోని ప్రతినాయకుని చూచి, ఉత్తమ నటుడితడేయని నిర్ణయించిరి. ఆ బహుమతి నాయకపాత్రకు వచ్చినది కాదన్నమాట మనము గుర్తుంచుకొనదగినది.

ఒకే పాత్రను రెండుమారులు ధరించుట నటునకు గట్టి పరీక్ష. రంగారావుగారు 1958లో ‘చెంచులక్ష్మి’లో హిరణ్యకశిపుడు, తిరిగి 1967లో ఎ. వి. యం. వారి ‘భక్తప్రహ్లాద’లో హిరణ్యకశిపుడు. రెండవ చిత్రమున ప్రహ్లాదుడు చిన్నారి రోజారమణి. అందు కథయంతయు తండ్రీకొడుకుల సంవాదమే. కొడుకును ఒడిలో కూర్చుండబెట్టుకొని ముద్దాడిన తండ్రియే వానిని చంపుమని ఆజ్ఞ ఇచ్చును. ఆ ఆజ్ఞ ఇచ్చునప్పుడు ఆ రాక్షసరాజు గొంతులో వినబడునది క్రౌర్యము మాత్రమే కాదు; ప్రాణసమానుడైన బిడ్డయే తన శత్రువును ఆశ్రయించెనన్న తండ్రి అవమానము. అంతవరకు ఎన్నో సాంఘిక చిత్రములలో తండ్రిగా నటించిన అనుభవము ఆ కిరీటధారికి పనికివచ్చెను. జమీందారు పాత్రలును రాక్షసపాత్రలును ఆయనకు వేరువేరు శాఖలు కావు; ఒకదాని నీరు మరియొకదానికి పారెను.

మద్రాసు నగరమున ఒకే స్టూడియోలో రెండు మూడు భాషల చిత్రములు తయారగుచున్న రోజులవి. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ తెలుగు తమిళములు రెండింటను రూపొందినవి. రెండింటను రంగారావుగారే నటించిరి. ‘మిస్సమ్మ’ తమిళములో నాయకుడు మారెను; నాయిక తండ్రి మారలేదు. 1960లో తమిళ ‘పడిక్కాద మేదై’లో శివాజీ గణేశన్‌గారి సరసన ఆయన ధరించిన సంపన్నగృహస్థుని పాత్రనే, 1962లో తెలుగు ‘ఆత్మబంధువు’లో రామారావుగారి సరసన తిరిగి ధరించిరి. ఆస్తి పోగా కన్నబిడ్డలు మొగము చాటుచేసిన వేళ, పెంచినవాడొక్కడే అండ నిలిచిన వృద్ధుని కథ అది. తమిళ ప్రేక్షకులు ఆయనను తమవానిగానే భావించిరి. హిందీ, కన్నడ, మలయాళ చిత్రములలో కూడ ఆయన కనిపించిరి. నాయకుడు ఒక్కొక్క భాషకు ఒక్కొక్కడు. తండ్రి మాత్రము అన్ని భాషలకు ఒక్కడే!

కెమేరాకు ఈవల నుండి కూడ ఆయన పనిచేసిరి. 1967లో ‘చదరంగం’, 1968లో ‘బాంధవ్యాలు’ ఆయన దర్శకత్వమున వెలువడినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు నంది బహుమతులలో మొదటిదానికి రజతనంది, రెండవదానికి స్వర్ణనంది లభించెను. ఆయన కథలు కూడ వ్రాసి పత్రికలలో ప్రకటించిరి. పాత్ర లోపలికి ప్రవేశించి చూచు అలవాటు గలవానికి కలము పట్టుట వింత కాదు.

రేడియో శ్రోతలకు రంగారావుగారితో నున్న బంధము ఒక విధముగా ప్రత్యేకమైనది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయ్యెను. ఆ తరువాతి కాలమున చలనచిత్రముల శబ్దభాగమును గంటసేపటికి కుదించి ‘సంక్షిప్త శబ్దచిత్రము’ పేర వినిపించుట పరిపాటి అయ్యెను. సినిమాహాలు లేని గ్రామములలో, సినిమాకు పోవుటకు అనుమతి లేని యిండ్లలో, ఆ శబ్దచిత్రమే చలనచిత్రము. రంగు లేదు, వేషము లేదు, కిరీటము లేదు, కంఠమొక్కటియే. అట్టి ప్రసారములలో చాలమంది నటుల పాత్రలు ఒకదానితో నొకటి కలిసిపోవును. రంగారావుగారి మాంత్రికుడు మాత్రము తన జమీందారుతో కలియలేదు. అతని నవ్వు వేరు, ఇతని దగ్గు వేరు. మాటను తొందరగా పలికి, చివరిపదమును నేలకు జారవిడుచు ఆయన పద్ధతి. కోపమున కంఠమును పెంచుటకు మారుగా తగ్గించు ఆయన నేర్పు. ఒక చిన్న ‘ఊఁ’కారములో అంగీకారమును, వెక్కిరింతను, అలసటను వేరువేరుగా పలికించు ఆయన శక్తి, ఇవన్నియు కన్నులు మూసికొని విన్నవారికే బాగుగా తెలియును.

1974 జూలైలో గుండెపోటు ఆయనను తీసికొనిపోయెను. ఆయన నటించిన ‘యశోదకృష్ణ’ ఆ మరుసటి సంవత్సరమున విడుదలయ్యెను. అప్పటికి తెలుగుదేశమున టెలివిజను లేదు. మద్రాసు కేంద్రము 1975 ఆగస్టులోను, హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరులోను ప్రారంభమయినవి. టెలివిజను మన యింటికి వచ్చునప్పటికి రంగారావుగారు లేరు. కాని ఆ పెట్టెలో తెలుగువారు ఎక్కువగా చూచిన మొగములలో ఆయనది ఒకటి. పండుగనాడు ‘మాయాబజార్’, సెలవుదినమున ‘గుండమ్మ కథ’, ఇట్లు ఆయనను ఎరుగని తరమునకు ఆయన యింటిపెద్ద అయ్యెను. 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగులద్దుకొని తిరిగి వెలువడినప్పుడు, విడుదలయిన దాదాపు 53 సంవత్సరములకు కూడ, ఘటోత్కచుని ప్రవేశమునకు హాలులో చప్పట్లు మ్రోగెను.

ప్రజలు ఆయనను విశ్వనటచక్రవర్తియని పిలిచిరి. 2013లో, భారత చలనచిత్ర శతాబ్ది సందర్భమున వెలువడిన తపాలాబిళ్ళలలో ఒకటి ఆయనది. కాని ఆయన జీవించియుండగా పద్మ పురస్కారమేదియు ఆయనను వరింపలేదు. దీనిని తలచి విచారించువారు చాలమంది కలరు. ఆ విచారము న్యాయమే. అయితే ఇది ఒక్క వ్యక్తికి జరిగిన లోటుగా మాత్రమే చూచుట చాలదని మా మనవి. నాయకుని చుట్టు ప్రభుత్వములు, పత్రికలు, అభిమానసంఘములు సహజముగా చేరును. కథ బరువును భుజముపై మోయువానిని గుర్తించుటకు మాత్రము కొంత శ్రద్ధ కావలెను. తండ్రి నమ్మదగినవాడు కానిచో కొడుకు కన్నీరు మనలను తాకదు. రాక్షసుడు భయంకరుడు కానిచో దేవుని అవతారమునకు అవసరమే లేదు. నాయకునకు వచ్చు చప్పట్లలో సగము ఎదుటి నటుడు సంపాదించి పెట్టినవే.

ప్రవరునిగా ఓడిపోయిన యువకుడు, ఆ ఓటమిని మనసున పెట్టుకొని ‘నేను నాయకుడనే’ యని పట్టుపట్టియున్నచో, మనకు నేపాళ మాంత్రికుడు లేడు, కోటయ్య లేడు, ఘటోత్కచుడు లేడు, కీచకుడు లేడు. తెలుగు చిత్రములలోని తండ్రికి ఆ కంఠము ఉండెడిది కాదు. ఆయన తనకు మిగిలిన చోటును తీసికొని, దానినే పెద్దచోటుగా చేసిరి. ఇరువదినాలుగు సంవత్సరములపాటు తనకు లేని వృద్ధాప్యమును మనకొరకు నటించిన ఆ మనిషికి, నిజమైన వృద్ధాప్యము దక్కలేదు. మనకు మాత్రము ఆయన పెద్దరికము దక్కినది. ఇకమీదట ఏ పాతచిత్రమునైనను చూచునప్పుడు, వినునప్పుడు, పేర్లపట్టికలోని చిన్న అక్షరములను కూడ ఒక్కసారి నిదానించి చదువుదము. మనలను నవ్వించినది, ఏడిపించినది ఎవరో అచ్చటనే తెలియవచ్చును.